మనవరాలి కోసం దించిన తుపాకి

ఫోను మోగినప్పుడు దూన్య పొయ్యి మీద కాఫీ పొంగకుండా చూసుకుంటోంది. అవతల ఉజిత్సె ఆసుపత్రి నుంచి ఆడపడుచు కొసార. గొంతులో నీరసం, నవ్వు రెండూ ఉన్నాయి.

"ఆడపిల్ల, వదినా. ముక్కు అచ్చం మా నాన్నదే, పాపం. ఆయనకి చెప్పు."

కాఫీ పొంగి పొయ్యి మీద పడింది. దూన్య పట్టించుకోలేదు. ఈ ఇంటికి కోడలిగా వచ్చి రెండు నెలలు నిండలేదు. ఇంత పెద్ద కబురు ముందుగా తన చెవిన పడిందన్న సంబరంతో చెప్పులైనా లేకుండా పెరట్లోకి పరుగెత్తింది.

మామగారు రాదోయె తేనెపెట్టెల దగ్గరున్నారు. కబురు విని టోపీ తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు. ఈలోగా దూన్య భర్త వేల్కో వెనకనుంచి వచ్చి, తండ్రి చొక్కాని మెడ దగ్గర పట్టుకుని నడుము దాకా పర్రున చింపేశాడు. మనవలు పుట్టారని తెలిస్తే ఆ ఊళ్ళో తాత చొక్కా చింపాల్సిందే.

"కొత్త చొక్కారా, గాడిదా."

"పాతది చింపితే పిల్లకి మర్యాదేముంటుంది నాన్నా?"

ముగ్గురూ ప్లమ్ పళ్ళ సారా గ్లాసులెత్తి తాగారు. ఆ తర్వాత రాదోయె చినిగిన చొక్కాతోనే లోపలికి వెళ్ళి గోడ మీది తుపాకి దించారు.

అది ఆయన తాత మొదటి ప్రపంచ యుద్ధంలో మంచుకొండలు దాటుతూ భుజాన మోసుకొచ్చిన తుపాకి. రెండో ప్రపంచ యుద్ధంలో ఊరు శత్రువుల చేతిలో పడినప్పుడు, రాదోయె తల్లి స్తమెన దాన్ని ఈ తేనెపెట్టెల కిందే పాతిపెట్టింది. యుద్ధమయ్యాక తవ్వి తీసి గోడకి తగిలించింది. అప్పటినుంచి దాన్నెవరూ పేల్చలేదు. ఏటా ఇంటి పండక్కి ముందు రాదోయె పంది కొవ్వు రాసి నిగనిగలాడేలా తుడిచేవారు. ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. పోయిన చలికాలం జబ్బు చేసి లేచాక ఆయన కుడిచెయ్యి వణుకుతోంది.

వేటగాడైన స్నేహితుడిచ్చిన మూడు తూటాలు సొరుగులోంచి తీశారు.

"మగపిల్లాడు పుడితేనే కదా గాల్లోకి కాల్చేది?" అని వేల్కో ఏడిపించబోయాడు.

"నా మనవరాలికి నేను కాలుస్తా. ఊరేమంటుందో అననీ."

తుపాకి వెనక, తూటా పెట్టేందుకు లాగే బోల్టు బిగుసుకుపోయింది. ఆయన అరచేత్తో గట్టిగా ఓ దెబ్బ వేశారు. దూన్య మొహంలో నవ్వు ఆగిపోయింది. వాళ్ళ నాన్న క్రాగుయెవత్స్ పట్నంలో వేట తుపాకులు బాగుచేస్తాడు. లోపల ఏముందో చూడని తుపాకిలో తూటా పెట్టకూడదన్న మాట ఆమె ఆయన పక్కన కూర్చుని నేర్చుకుంది.

"మావయ్యా, ఆగండి. గొట్టం లోపల ఎప్పుడైనా చూశారా?"

"'లోపల నేను చూసుకున్నాను, నువ్వు పైన తుడిస్తే చాలు' అని మా అమ్మ చెప్పింది. నిన్నగాక మొన్న వచ్చినదానివి, మా అమ్మ మాట తప్పంటావా?"

వేల్కో తన బూట్ల వంక చూస్తూ నిలబడ్డాడు. దూన్యకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా రెండు చేతులూ చాపింది.

"అది మీ చేతిలో పేలిపోతే, పాపని ఏ చేత్తో ఎత్తుకుంటారు?"

"ఎత్తుకుంటానని ఎవరన్నారు?" రాదోయె గొంతు ఒక్కసారిగా పడిపోయింది. "ఈ చేతిలో పాలగ్లాసే నిలవడం లేదు. పసిదాన్ని ఎక్కడ జారవిడుస్తానోనని నాకు భయం. దూరం నుంచి ఒక చప్పుడైనా చెయ్యనీ అమ్మాయ్. నాకింకేం చేతనవుతుంది?"

కాసేపటికి తుపాకి ఆయన చేతిలోంచి దూన్య చేతిలోకి వచ్చింది.

ముందు తూటాలు వేల్కోకిచ్చి పక్క గదిలో పెట్టి తాళం వేసి రమ్మంది. పుట్టింటి పెట్టెలోంచి పొడవాటి ఇత్తడి కడ్డీ తెచ్చింది. అందరి పెళ్ళాలూ దుప్పట్లు తెస్తే తన పెళ్ళాం తుపాకి సామాను తెచ్చిందని వేల్కో పెళ్ళినాటినుంచీ ఊరంతా చెప్పుకుంటున్న కడ్డీ అదే. ఈసారి అతను నవ్వలేదు. మామగారు విప్పి ఇచ్చిన చినిగిన చొక్కాని దూన్య బల్ల మీద పరిచింది. తుపాకి మూతిని మనుషులెవరూ లేని రాతిగోడ వైపు తిప్పి పెట్టింది.

ఎండి గట్టిపడ్డ కొవ్వు మీద గోరువెచ్చని నూనె వేసి ఓపిగ్గా కూర్చుంది. బోల్టు కదిలింది, వెనక్కి జారింది, మెల్లగా బయటికి వచ్చేసింది. తూటా ఉండే చోట వేలుపెట్టి తడిమి చూసింది. ఖాళీ. అప్పుడు గొట్టంలోకి వెనకనుంచి చూసింది. అవతలి వెలుతురు కనిపించలేదు.

"మూసుకుపోయింది," అంది నెమ్మదిగా.

కాల్చి ఉంటే గొట్టం ఆయన మొహం పక్కనే పగిలేది. రాదోయె కుర్చీలో కూలబడ్డారు.

మరలు విప్పి, చెక్క పిడిని గొట్టం నుంచి వేరుచేసింది. విప్పిన వరసలోనే ఒక్కోటీ చొక్కా మీద పేర్చింది. ఎంత చిన్న ముక్క మీదైనా తయారైనప్పుడు కొట్టిన అదే అంకె, ఒకే ఇంటివాళ్ళకి ఒకే పేరున్నట్టు. పైన నల్లబడిన ఆ చెక్క, ఎండ తగలని లోపలివైపు మాత్రం ఇప్పుడే చిత్రిక పట్టినట్టు లేత గోధుమరంగులో ఉంది. వేల్కో దాని మీద వేలు పెట్టబోయి, గుళ్ళోకి వచ్చినవాడిలా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

గొట్టంలో వెచ్చని నూనె పోసి, నానాక వెనకనుంచి కడ్డీతో నెమ్మదిగా నెట్టింది. ఏదో కదిలింది. మూతిలోంచి నల్లటి మైనం ముద్ద జారిపడింది, దాని వెనకే మెలితిప్పిన ఉన్ని. గదంతా తేనె వాసన. అదీ ఎన్నో ఏళ్ళ కిందటి వేసవి తేనె. దూన్య ఉన్నిని సబ్బునీళ్ళలో పిండి పిండి కడిగింది. కాసేపటికి చేతిలో ఎరుపు బయటపడింది.

రాదోయె దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నారు.

"మా అమ్మ నడుముగుడ్డ అంచు ఇది. మట్టిలో పాతేముందు తడి చేరకుండా... లోపల చూసుకున్నానని చెప్పింది ఇదా?"

దూన్య ఆ చినిగిన చొక్కా చేతుల్లోంచి చిన్న ముక్కలు కత్తిరించి, నల్లదనం రావడం ఆగేదాకా గొట్టం తుడిచింది. కిటికీ వైపు పెట్టి ఆయన్ని చూడమంది. లోపల వెండిగీతలు మెలికలు తిరుగుతూ వెళ్ళి, చివర నాణెమంత ఆకాశం దగ్గర ఆగాయి. ఎక్కడా తుప్పు చుక్క లేదు. ఆయన చాలాసేపు చూశారు.

"ఇన్నేళ్ళూ బయటే తుడిచాను," అన్నారు. చెంపల మీద కన్నీళ్ళు తుడుచుకోలేదు.

తిరిగి బిగించేటప్పుడు ఒక్కో ముక్కా ఆయనే అందించారు. చెయ్యి వణికింది గానీ ఒక్క మర కూడా కింద పడలేదు. ప్రతిసారీ ఆ చేతి కింద దూన్య అరచెయ్యి ఉంది. తుపాకి గోడ మీదికి వెళ్ళింది. తూటాలు వేటగాడికి తిరిగిచ్చి రమ్మని రాదోయె కొడుక్కి చెప్పారు.

తర్వాత ఆరిన ఉన్నిలోంచి ఒక పోగు లాగి మెల్లగా పేనారు. పసిపిల్లల మణికట్టుకి దిష్టి తగలకుండా కట్టే దారమంత పొడవు.

"రేపు పొద్దున్నే మొదటి బస్సుకి ఉజిత్సె వెళ్తున్నాం," అన్నారు. "ఒరేయ్, నాకింకో చొక్కా ఇస్త్రీ చెయ్యి. దాన్ని కూడా చింపావంటే ఊరుకోను."

వేల్కో తలూపాడు. ఆయన కోడలి వైపు తిరిగారు.

"దారం నేనే కడతా. పిల్లని ఎత్తుకుంటా కూడా. నువ్వు పక్కనే ఉండి, నా చేతి కింద చెయ్యి పెట్టు అమ్మాయ్."