పైడయ్య సడలింపు మెత్త

2096లో చంద్రుడి మీద బస్సు తోలేవాళ్లకి మొదటి రూలు ఒకటుంది. నిలబడి తోలకూడదు. సీటులో కూర్చుని బెల్టు పెట్టుకోవాలి. నిలబడి పట్టుబడితే లైసెన్సు పోతుంది, భూమికి పంపేస్తారు. అక్కడ యాభై ఎనిమిదేళ్ల బొడ్డేపల్లి పైడయ్య చేతికి బండి ఇచ్చేవాడు లేడు.

పైడయ్య పదకొండేళ్లుగా కూర్చోలేడు.

పొత్తికడుపు అడుగున ఊయల అల్లినట్టు కొన్ని కండరాలుంటాయి. డాక్టర్లు పెల్విక్ ఫ్లోర్ అంటారు. మనం కటివల అందాం. మూత్రాశయాన్నీ పేగునీ మోసేది అదే. పని ఉన్నప్పుడు బిగియాలి, లేనప్పుడు వదలాలి. పైడయ్య కటివల వదలడం మర్చిపోయింది. కూర్చుంటే కింద నిప్పుకణిక పెట్టినట్టుంటుంది. ఒంటికెళ్తే సగమే వస్తుంది. చంద్రుడి మీద బరువు ఆరోవంతే, నొప్పీ తగ్గుతుంది అన్నారు. వచ్చాడు. బరువు తగ్గింది.

డాక్టర్ కుముదిని ఆరేళ్లు కష్టపడి సడలింపు మెత్త తయారుచేసింది. సీటు మీద వేసుకుంటే అందులోని సెన్సర్లు కండరంలో పారే సన్నటి విద్యుత్తుని వింటాయి. బిగుతు తగిలితే మెత్త వెచ్చబడి, సన్నగా వణుకుతూ, "ఊపిరి వదలండి, కింద వదిలేయండి" అని చెబుతుంది. ఎంత బిగుతుకి ఎంత నొప్పో మాత్రం దానికి తెలియదు. అది మనుషులే నేర్పాలి. అందుకని నలభైమంది డ్రైవర్లకి తలొకటి ఇచ్చి, నెల్లాళ్లు రోజూ తనే షెడ్డుకి వచ్చి అడిగింది.

"పైడయ్యగారూ, నొప్పి పదికి ఎంత?"

ఏడు. కానీ ఆవిడ స్వయంగా టీ కలిపి తెచ్చింది. నిద్రలేక కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"రెండమ్మా. బెమ్మాండంగా ఉంది."

ఆ బిగుతుకి ఎదురుగా మెత్త రెండు అని రాసుకుంది. నలభైమందీ అలాగే చెప్పారు. అందరూ మనవాళ్లే మరి.

నెల తిరిగేసరికి మెత్త గెలిచిందని కాగితం వచ్చింది. దాని వెనకే ఇంకో కాగితం. పైడయ్యకి నయమైంది కనుక ఇన్నాళ్లూ తోలుతున్న రెండు గంటల రూటు తీసేసి ఆరు గంటల రూటు ఇచ్చారు.

మొదటి ట్రిప్పుకి కుముదిని సంబరపడుతూ తనే ఎక్కి ముందు సీటులో కూర్చుంది. వెనకంతా సరుకే. మొదటి గంట పైడయ్య పళ్లు బిగబట్టాడు. "చక్కగా ఉంది, రెండు" అంది మెత్త. రెండో గంటకి చెమట కారింది. "రెండు" అంది మెత్త. మూడో గంటలో ఆవిడ కిటికీలోంచి కొండలు చూస్తుంటే, బెల్టు విప్పి మెల్లిగా లేచి నిలబడ్డాడు.

"పైడయ్యగారూ! ఏమిటది?"

"ఏటీ నేదమ్మా. రోడ్డు సరిగ్గా కనబళ్లేదు."

"ఇక్కడ రోడ్డే లేదు. నొప్పెంత? నా మీద ఒట్టు, నిజం చెప్పండి."

బస్సు ఆపాడు.

"ఏడమ్మా. మొదట్నించీ ఏడే."

"నెలరోజులూ రెండన్నారు!"

"టీ అట్టుకొచ్చి ఎదర నిల్చున్నావు. నీ మొకం చూసి ఏడని ఎలగంతాను తల్లీ?"

కుముదిని రేడియో అందుకుంది. మిగతా ముప్పై తొమ్మిది బస్సులనీ అడిగింది, నొప్పెంత అని. ముప్పై తొమ్మిదీ "రెండు మేడమ్" అన్నాయి. అప్పుడు ఇంకోటి అడిగింది. "ఈ నిమిషాన ఎవరెవరు కూర్చుని తోలుతున్నారు?"

ఎవరూ పలకలేదు. ఒకడు మాత్రం దగ్గాడు.

ఆవిడ తల పట్టుకుంది. కాసేపటికి నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయింది. తిట్లు తినడానికి సిద్ధపడ్డ పైడయ్య కూడా నవ్వేసి, తెలియకుండానే సీటులో కూలబడ్డాడు. లోపలెక్కడో ముడి వదిలింది. పదకొండేళ్లలో మొదటిసారి. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

మెత్త కంగారుపడింది. "ఈ కండరం నాకు తెలియదు. పదికి పది! వెంటనే డాక్టర్ని పిలవండి!"

"పిచ్చిదానా, అది నొప్పి కాదు, కండరం వదిలింది" అని కుముదిని దాని మీట నొక్కి నోరు మూయించింది. "చూశారా? మీ కటివలని బిగించి పట్టుకున్నది సగం ఈ మొహమాటమే. వెనక్కెళ్లగానే అందరినీ మళ్లీ మొదట్నించీ అడుగుతాను. మీకు రెండు గంటల రూటే రాసిస్తాను, మధ్యలో బండి ఆపి, లేచి లోపలే నడిచేలాగ. లైసెన్సుకి నాదీ పూచీ. మీరు మాత్రం వద్దనడం నేర్చుకోవాలి."

"నేర్చుకుంతానమ్మా." మనసులోంచే అన్నాడు.

ఇంతలో రేడియోలో షెడ్డు మేనేజరు గొంతు. "పైడయ్య మావా, ఇబ్బందొచ్చి పడింది. రెండో డ్రైవరు రానేదు. తిరుగు ట్రిప్పు కూడా ఇయాలే నువ్వే ఏసెయ్యాల. మొత్తం పన్నెండు గంటలు. నీకేటైనా కష్టమా?"

కుముదిని గట్టిగా తల అడ్డంగా ఊపింది. వద్దనండి, వద్దనండి అని పెదాలతో చెప్పింది. పైడయ్య ఆవిడని చూశాడు. రేడియోని చూశాడు. నోరు తెరిచాడు. ఆవిడ ఊపిరి బిగబట్టింది.

"కష్టమేటుంది నాయనా. అలాగే" అన్నాడు.

అని, సీటులోంచి మెల్లిగా లేచి నిలబడ్డాడు.