నోరు లేని ప్రార్థన

ఉదయం ప్రార్థన ముగిసేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. అది యేసుపాదం పెట్టిన నియమం. వెల్దుర్తి దగ్గరి ఆ పాలెంలో ఆయన ఉపదేశి. మాచర్ల నుంచి పాస్టరుగారు నెలకోసారి వచ్చిపోతారు. మిగిలిన ఆదివారాలు గుడి నడిపేది ఆయనే. గుడిలో ఎంతో ఇంట్లోనూ అంతే, ఆయన మాటకు తిరుగులేదు.

ఆ రోజూ ఎప్పటిలాగే చాప పరిచారు. యేసుపాదం బైబిలు ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకున్నాడు. భార్య మార్తమ్మ, కోడలు ఎస్తేరు కొంగులు తలమీదికి లాక్కుని మోకరించారు. కొడుకు బాబూరావు కృష్ణ మీద కడుతున్న డ్యాం పనిలో ఉన్నాడు. శనివారాలు మాత్రమే ఇంటికి వచ్చేవాడు. ఎస్తేరు పక్కన ఆమె కూతురు సలోమి కూర్చుంది. ఆ పిల్లకు ఏడేళ్ళు. పసితనంలో వచ్చిన పెద్ద జ్వరం ఆమె చెవులు పోగొట్టింది. అప్పుడప్పుడే వస్తున్న ముద్దుమాటలు కూడా దాంతోనే ఆగిపోయాయి.

యేసుపాదం కళ్ళు మూసుకుని ప్రార్థన అందుకున్నాడు. ఆయన గొంతులో ఒక్క మాట తడబడదు. చిన్నతనంలో ఆసామి గేదెలు కాసిన మనిషి ఆయన. మిషను బడిలో అక్షరాలు దిద్ది, ఆ పాలెంలో కాగితం చదవగలిగిన మొదటివాడయ్యాడు. అప్పట్లో ఒక మాట తప్పు పలికితే వేళ్ళ మీద బెత్తం పడేది. ఆ బెత్తమే తనను మనిషిని చేసిందని ఆయన నమ్మకం. అందుకే ఆదివారపు బడిలో పిల్లల ముందు ఆయన కూడా ఒక బెత్తం పెట్టుకునేవాడు.

ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి సలోమి ముందు ఒక మూకుడులో నీళ్ళు, పక్కన గుప్పెడు జొన్నలు, కాసిని గులకరాళ్ళు, తడిమట్టి కనిపించాయి. పిల్ల రెండు అరచేతుల మధ్య మట్టిమనిషిని పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది.

"ఏందే ఇది?" అన్నాడు యేసుపాదం.

"ప్రార్థన చేసుకుంటంది మామా," అంది ఎస్తేరు. "దానికి మాటలు రావు గదా. అందుకని చేతుల్తో నేర్పిచ్చా. దేవుడిచ్చిన దానికి ఒక గింజ తీసి పక్కన పెడతది. తప్పు చేస్తే రాయి తీసి నీళ్ళలో ఏస్తది. ఎవరి కోసమన్నా అడగాలంటే ఆ మనిషిని మట్టితో చేసి చేతుల్లో పట్టుకుంటది."

"మట్టితో మనిషిని చేస్తదా?" ఆయన గొంతు లేచింది. "మా నాయన మట్టిబొమ్మల ముందు సాగిలపడ్డోడు. నేను వద్దని బయటికొచ్చినందుకు నన్ను ఇంట్లో నుంచి ఎళ్ళగొట్టాడు. అన్నీ ఒదులుకుని నేనీ దారికొస్తే, నువ్వు మళ్ళీ ఆ బొమ్మల్ని నా చాప మీదికి తెస్తావా?"

"మొక్కటానికి కాదు మామా, గుర్తు కోసం. బడిలో చిన్నోళ్ళని నాకు ఒదిలినప్పుడు పాలెం పిల్లలందరికీ ఇట్టాగే నేర్పుతున్నా. మొన్న ఖాదర్ వలి తోటలో మామిడికాయలు కోసినోళ్ళు నీళ్ళలో రాళ్ళేసి, అదే సాయంత్రం కాయలు తీసుకెళ్ళి ఇచ్చొచ్చారు. ఎవరూ చెప్పకుండానే!"

"అందరికీనా? నా బడిలోనా?"

ఆయన లేచి మూకుడును కాలితో తన్నాడు. నీళ్ళు చాప మీదికి పారాయి. గింజలు మూలమూలకూ చెదిరిపోయాయి. సలోమి ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. తాత నోరు కదులుతోంది, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. ఏం జరిగిందో తెలియక ఆ పిల్ల చేతులు రెండూ వీపు వెనక దాచుకుంది.

"ఇక నుంచి ఆదివారపు బడికి నువ్వు రావద్దు," అన్నాడు కోడలితో. "ఈ మట్టల ఆదివారం పాస్టరుగారు వస్తన్నారు. పిల్లలంతా ఈతమట్టలు పట్టుకుని వరసలో నిలబడి తలా ఒక ప్రార్థన చెప్పాల. సలోమి ఆ వరసలో ఉండటానికి వీల్లేదు. నోటితో చెప్పలేంది ప్రార్థన కాదు."

ఎస్తేరు తడిసిన చాప ఎత్తి బయట దండెం మీద పడేసింది. ఆ పూట వంటింట్లో ఆమె చేతిలోని ప్రతి గిన్నె చప్పుడు చేసింది. మార్తమ్మ మాత్రం గచ్చు మీద కూర్చుని మూలల్లో చెదిరిన గింజలన్నీ కొంగులోకి ఏరుకుంది.

శనివారం మధ్యాహ్నం బాబూరావు సిమెంటు దుమ్ముతో ఇంటికి వచ్చాడు. కాళ్ళు కడుక్కోకముందే ఎస్తేరు జరిగిందంతా చెప్పింది. అతను తల వంచుకుని విన్నాడు.

"నాయన సంగతి నీకు తెలీదా? ఈ ఏటికి ఊరుకో. వచ్చే ఏడు చూద్దాం."

"వచ్చే ఏటికి దానికి మాటలొస్తాయా?"

"అది కాదే. పదిమందిలో ఆయన మాట తీసేస్తే బాగుంటదా?"

"పదిమందిలో నీ కూతుర్ని పక్కకి నెడితే బాగుంటదా?" ఎస్తేరు కళ్ళల్లో నీళ్ళు లేవు, మంట ఉంది. "దానికి నోరు లేదు, సరే. నీకేమైంది? డ్యాం మీద మేస్త్రీతో దెబ్బలాడొచ్చానని చెప్తావు గదా. మీ నాయన ముందు మాత్రం నువ్వే మూగోడివి."

బాబూరావు ముఖం ఎర్రబడింది. "నోరు మూసుకో!" అని చెయ్యెత్తాడు. ఎస్తేరు కదల్లేదు. ఎత్తిన చేతిని ఏం చెయ్యాలో తెలియక అతను దాన్నే మొహం మీద వేసుకుని తుడుచుకున్నాడు.

"నువ్వు రాకపోతే మానె," అంటూ ఆమె సలోమి చెయ్యి పట్టుకుని గుడివైపు నడిచింది. బాబూరావు దుమ్ముకాళ్ళతోనే వెనక బయల్దేరాడు.

గుడి ముందు పిల్లలు మర్నాటి పండక్కి వరసకట్టి ఉన్నారు. యేసుపాదం బెత్తం పట్టుకుని ఒక్కొక్కరి చేతా ప్రార్థన అప్పజెప్పించుకుంటున్నాడు. ఎస్తేరు ఎవరినీ అడక్కుండా సలోమిని వరస చివర నిలబెట్టింది. పిల్ల సంబరంగా నేల మీది ఈతమట్ట ఒకటి తీసుకుని, అందరిలాగే భుజానికి ఆనించుకుంది.

యేసుపాదం చూశాడు. చరచరా వచ్చి మట్ట లాక్కున్నాడు. పిల్ల జబ్బ పట్టుకుని వరసలోంచి ఈడ్చి పక్కకు నెట్టాడు.

సలోమి ఏడవలేదు. తాత ముఖంలోకి ఒకసారి, తల్లి ముఖంలోకి ఒకసారి చూసింది. తర్వాత వంగి నేల మీద వెతికి ఒక గులకరాయి తీసుకుంది. దాన్ని పిడికిట్లో పట్టుకుని, నీళ్ళు ఎక్కడున్నాయా అని చుట్టూ చూడసాగింది.

ఎస్తేరు "చూశారా మామా?" అని అరిచింది. ఇన్నేళ్ళలో మామ ముందు ఆమె గొంతు అంత పెద్దగా లేవలేదు. "అది రాయెందుకు తీసుకుందో తెలుసా? తను ఏదో తప్పు చేసిందనుకుంటంది. మీరు కొట్టినట్టు నెట్టారు గాబట్టి, తప్పు తనదేననుకుని దేవుణ్ణి క్షమాపణ అడగటానికి నీళ్ళు ఎతుక్కుంటంది! చెప్పండి, ఏం తప్పు చేసింది? పుట్టటమా? జ్వరం రావటమా?"

పిల్లలు బిక్కచచ్చిపోయారు. యేసుపాదం బెత్తం కిందికి దిగింది గాని మాట మాత్రం తగ్గలేదు. "ఇంటికి పో. ఇది గుడి, నీ గొడవలకి కాదు."

పొద్దు గుంకే వేళకు మళ్ళీ చాప పరిచారు. సలోమి తండ్రి ఒడిలో ముడుచుకుని ఉంది. యేసుపాదం బైబిలు మూసి, "అందరూ కలిసి ప్రభువు ప్రార్థన చెప్పండి," అన్నాడు.

మార్తమ్మ మోకాళ్ళ మీద నుంచి లేచింది.

"నేను చెప్పను," అంది.

యేసుపాదం తన చెవులను తానే నమ్మలేనట్టు చూశాడు. "ఏందీ?"

"చెప్పను. ఇన్నాళ్ళూ చెప్పిందీ లేదు. నీ ఎదుట పెదాలు ఆడిస్తా కూర్చున్నానంతే."

"మార్తా!" ఆయన లేవబోయాడు.

"కూర్చో. ఇయ్యాల నువ్వు విను." ఆవిడ చాప మధ్యకి వచ్చి నిలబడింది. "నేను కాపరానికొచ్చిన కొత్తల్లో మీ సంఘపోళ్ళంతా ఇంటికొచ్చిన రోజు నీకు గుర్తుందా? నన్ను ప్రభువు ప్రార్థన చెప్పమన్నావు. చదువు లేని పిల్లని. మధ్యలో ఒక మాట తిరగేసి పలికా. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. సరిగా పలికేదాకా నిలబెట్టి చెప్పిచ్చావు. చెమటలు పట్టినా ఒదల్లా. ఆ రోజు నుంచి నీ ముందర నా నోట్లో దేవుడి మాట పుట్టలేదయ్యా."

"అయితే ఇన్నేళ్ళూ దొంగ ప్రార్థన చేశావా?" అన్నాడు యేసుపాదం.

"దొంగదే. నీ కంటపడకుండా దాచుకుని చేసుకున్నా గదా. చేలో కలుపు తీసేటప్పుడు చేసుకున్నా, నీళ్ళు తోడేటప్పుడు చేసుకున్నా. కానీ బయటికి అంటే తప్పొస్తదేమోనని లోపల్లోపలే మింగా. ఈ పిల్ల వచ్చాక మధ్యాహ్నాలు దాని పక్కన కూర్చుంటన్నా. గింజ తీసి పెట్టటానికి చదువెందుకు? తప్పు పట్టేవాడు లేడు. ముసలిదాన్నయ్యాక నా మనమరాలు నాకు ప్రార్థన నేర్పిచ్చింది. దాన్ని నువ్వు కాలితో తన్నావు."

అప్పుడు బాబూరావు తల ఎత్తాడు. "నాయనా, నాకూ అంతే. డ్యాం కాడ రాయి పడి ఒక కూలోడు చనిపోతా ఉంటే, ఉపదేశి కొడుకువి గదా, ప్రార్థన చెయ్యి అన్నారు. నాకు నీ బెత్తం గుర్తొచ్చింది గాని మాట రాలా. అతనట్టాగే పోయాడు." అతను ఒడిలో ఉన్న సలోమి వీపు నిమిరాడు. "నా బిడ్డకి గూడా అదే నేర్పుతానంటే నేను ఒప్పుకోను. రేపు సలోమి వరసలో నిలబడుద్ది. ఒద్దంటే మేము ముగ్గురం గుడికే రాము."

యేసుపాదం కోపంగా లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయాడు. ఊరంతటికీ ప్రార్థన నేర్పిన మనిషి తను. తన ఇంట్లోనే ఒక్కరూ నోరు తెరిచి దేవుడితో మాట్లాడలేదు. పెదాల కదలిక చూసి ప్రార్థన అనుకున్నాడు. వేళ్ళ మీద బెత్తం పడ్డ రోజుల్లో ఒక చిన్న పిల్లాడు కన్నీళ్ళు మింగుతూ నిలబడటం ఆయనకు కనిపించింది. ఆ పిల్లాడు అప్పుడు దేవుణ్ణి అడిగింది ఒక్కటే, ఈ మాట తప్పు రాకుండా చూడమని. అంతకు మించి దేవుడితో తనెప్పుడైనా మాట్లాడాడా? ఎంత ఆలోచించినా ఆయనకు గుర్తురాలేదు.

వెనక్కి వచ్చి చాప చివర కూర్చున్నాడు. గోడకు ఆనుకునే తన చోట కాదు.

"మార్తా, నువ్వు చెయ్యి," అన్నాడు. "నేను ఇంటా."

"నాకు సరిగా రాదని చెప్పా గదా."

"ఎట్టా వస్తే అట్టా. నేను మధ్యలో మాట్లాడితే నా మీద ఒట్టు."

మార్తమ్మ చాలాసేపు కొంగు నలుపుతూ ఉండిపోయింది. చివరికి కళ్ళు మూసుకుంది.

"దేవుడా," అంది. "నాకు ఈయన మీద కోపంగా ఉంది. చానా కోపంగా ఉంది. చెప్పుకోటానికి ఎవరూ లేక నీకు చెప్తన్నా. ఈయన మంచోడే. నాకు జబ్బు చేస్తే మాచర్ల దాకా మోసుకుపోయాడు. అయినా కోపం పోటల్లా. నా పిల్లని నెట్టాడు. దాని జబ్బ కమిలింది. నువ్వు చూశావు గదా. నా కోపం తీసెయ్యమని అడగను, ఇయ్యాల ఉండనీ. రేపు తీసెయ్యి. ఇంకేం అడగాల్నో తెలవటల్లేదు. ఉంటా."

ఉంటానని దేవుడికి చెప్పి ఆవిడ కళ్ళు తెరిచింది. యేసుపాదం రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడుస్తున్నాడు. ఆ ఇంట్లో ఆయన ఏడవడం ఎవరూ చూసి ఎరగరు. ఎస్తేరు కోపం అంత తొందరగా చల్లారేది కాదు. ఆమె గోడవైపు తిరిగి కూర్చుంది. కానీ సలోమి తండ్రి ఒడిలోంచి దిగింది. తాత దగ్గరికి వెళ్ళి, ముఖం మీది చేతుల్ని లాగి, అన్నం తిందువు రమ్మని నోటి దగ్గర వేళ్ళు పెట్టి చూపించింది.

మర్నాడు మట్టల ఆదివారం. గుడి నిండిపోయింది. పిల్లలు వరసగా తమ ప్రార్థనలు చెప్పారు. చివర సలోమి వంతు వచ్చినప్పుడు యేసుపాదం లేచి ఒక పీట తెచ్చి వేశాడు. దాని మీద నీళ్ళగిన్నె, జొన్నలు, రాళ్ళు, మట్టిముద్ద తనే పెట్టాడు.

సలోమి మోకరించింది. ఒక్కో గింజా తీసి పెడుతోంది. అమ్మవైపు చూసి ఒకటి, నాయనవైపు చూసి ఒకటి, తలుపులోంచి కనిపించే మేకవైపు చూసి ఒకటి. జనంలో గుసగుసలు లేచాయి. ముందు వరసలోని ఒక సంఘపెద్ద పాస్టరుగారి వైపు ఒకసారి చూసి, పైకే అన్నాడు.

"ఇదేం ప్రార్థన ఉపదేశిగారూ? ఒక్క ముక్క అర్థం కాలా."

యేసుపాదం ముఖం జేవురించింది. "ఆ పిల్ల మాట్లాడేది నీతో కాదు. గమ్మున కూర్చో," అన్నాడు.

పాస్టరుగారు చిన్నగా నవ్వి తల వంచారు. గుడి సద్దుమణిగింది. సలోమి రాయి నీళ్ళలో వేసింది. మట్టి తీసి, తాతవైపు చూస్తూ నింపాదిగా ఒక మనిషిని చేసి, రెండు చేతుల మధ్య పట్టుకుని కళ్ళు మూసుకుంది. చాలాసేపటి తర్వాత కళ్ళు తెరిచి అందరి వైపూ చూసింది. ప్రార్థన అయిపోయిందని ఎవరికీ తెలియలేదు. ఆమెన్ ఎప్పుడనాలో తెలియక జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి, ఆ గుడిలో అంతకు ముందు ఎవరూ వినని గొంతు ఒకటి గట్టిగా పలికింది.

"ఆమెన్," అంది మార్తమ్మ.