రెండో సీసా

గంధవేది గుయ్యిమని ఆగి పచ్చదీపం వెలిగించింది. చేతిలో కాఫీ ఉన్న సంగతే మరచి వంశీధర్ గంతేశాడు.

“స్రవంతీ! మన బొబ్బట్టు బతికేసిందే!”

వాళ్ళ కుక్క బొబ్బట్టుకు చెవిలో మొదలైన పుండు మెడదాకా పాకింది. రిటైరైన పశువైద్యుడు వంశీధర్ తనకు తెలిసిన యాంటీబయాటిక్స్ అన్నీ వాడి చూశాడు. క్రిములు వాటికి ఎప్పుడో అలవాటు పడిపోయాయి. ఇప్పుడు విశాఖలో పెంపుడు జంతువున్న ప్రతి ఇంట్లోనూ మిక్సీ పక్కన గంధవేది ఉంటుంది. పుండు తడి అందిస్తే చాలు, క్రిమి ఆనవాలు పట్టి, దాన్ని చంపే మొక్కల తైలాలను పాళ్ళు కుదిర్చి కలుపుతుంది. వంశీధర్ ఇంట్లో మాత్రం నిన్నటిదాకా అది లేదు. దాన్ని తయారుచేసిన బృందంలో కూతురు ఇహిత ఉంది. “పోపుల డబ్బాతో వైద్యమా?” అని అతను నలుగురిలో నవ్వినప్పటి నుంచి ఆమె ఈ గడప తొక్కలేదు.

వాముకూ నిమ్మగడ్డికీ లొంగని మొండి క్రిమి, గంధవేది లోపల వాము, లవంగం, దవనం కలిసి మీదపడేసరికి చచ్చింది. సీసా నిండింది. వెంటనే రెండో సీసా నిండసాగింది.

“ఇదెందుకు?” అన్నాడు వంశీధర్.

“ఈ క్రిమి రెండు కుక్కల మధ్య అటూ ఇటూ తిరిగి ముదిరింది,” అంది గంధవేది. “రెండో కుక్కకూ పట్టించకపోతే మళ్ళీ అంటుకుంటుంది.”

“రెండో కుక్కా? బొబ్బట్టు రోజూ నీతో బీచికేగా వెళ్ళేది!”

అతని భార్య స్రవంతి కొంగు నలిపింది. “బీచికి కాదండీ. ఇహిత వాళ్ళింటికి. దాని కుక్క జీడితో ఆడుకుంటుంది.”

వంశీధర్‌కు కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ తనొక్కడే కూతుర్ని చూడలేదని తెలిసి ఏడుపూ వచ్చింది. బొబ్బట్టు మెడ చూశాడు. జీడికి మందు పడకపోతే ఇది మళ్ళీ మొదటికొస్తుంది.

“చెప్పులేవీ?” అన్నాడు.

ఇహిత తలుపు తీసి, బొబ్బట్టుతో నిలబడ్డ తండ్రిని చూసి కొయ్యబారిపోయింది. వంశీధర్ రెండో సీసా చాపాడు. దారంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తురాలేదు.

“పోపుల డబ్బా డాక్టరుగారున్నారా?” అన్నాడు. “గెలిచావే తల్లీ.”

“ఆ రెండో సీసా సంగతి గంధవేదికి మేం నేర్పింది క్రిమి కోసమే నాన్నా, మన కోసం కాదు,” అంటూ ఇహిత అతని చెయ్యి పట్టుకుంది.

బొబ్బట్టు అప్పటికే లోపలికి దూరి, తన పేరున్న గిన్నె ముందు కూర్చుంది.