బిరడాలు మార్చిన రోజు

నేలమాళిగ తాళంచెవి ఎప్పుడూ వంటింటి గోడకున్న మేకుకే వేలాడేది. ఆ పొద్దున పెద్దమ్మాయి కాఫీ పెడుతూ అలవాటుకొద్దీ అటు చూస్తే మేకు బోడిగా ఉంది. బల్ల దగ్గర కూర్చుని రొట్టె తింటున్న తమ్ముడి చొక్కా జేబు మాత్రం ఏదో బరువుకి కిందికి వాలిపోయింది. చూసింది, చూడనట్టే మంట తగ్గించింది. అడగాల్సింది తను కాదు, చెప్పాల్సింది నాన్న అనుకుంది.

నాన్న చెప్పాడు. సాయంత్రం వాన పడేలా ఉందని చెప్పినంత తేలిగ్గా చెప్పాడు. ఇకమీదట నేలమాళిగ చిన్నోడి చేతిలో ఉంటుందట. సీసాల మీద పేరు కూడా వాడిదే పడుతుందట. ఏ వైను ఎప్పుడు బయటికి రావాలో వాడే చూసుకుంటాడట. "నువ్వు సాయంగా ఉండనే ఉంటావుగా" అన్నాడు చివర్లో, అదేదో వరమిచ్చినట్టు.

సాయమట! ఆ ద్రాక్షతోటలో తీగలు కత్తిరించడం దగ్గర్నుంచి పీపాలు కడగడం దాకా పెద్దమ్మాయి చెయ్యి పడని పని లేదు. తమ్ముడేమో ఇన్నాళ్లూ ఎక్కడో కార్లు అమ్మి, అది అచ్చిరాక మొన్నమొన్ననే పెళ్లాంపిల్లలతో ఇల్లు చేరాడు. మంచివాడే, కాదనడానికి లేదు. కానీ పాత వైనుకీ కొత్త వైనుకీ తేడా సీసా మీద దుమ్ము చూసి చెప్పే రకం. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఊరికే అనలేదు.

నాన్నని చుట్టుపక్కల తోటల వాళ్లందరూ ముక్కు మేష్టారు అంటారు. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పింది లేదు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని అందులో ఉన్నదాని పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పేస్తాడని ఆ పేరు. కోపం కూడా ఆ ముక్కు మీదే ఉంటుందని అమ్మ వెనకాల గొణుగుతుంది. ఆయన బాగుందంటే బాగున్నట్టు, ఇంకా పండాలంటే పండాల్సిందే.

అందులో ఆయనకో పద్ధతి ఉంది. సీసా విప్పగానే మొదటి గ్లాసు పెద్దమ్మాయి చేతికిచ్చి, రంగెలా ఉందో చూడమనేవాడు. ఆమె రంగు చూసేది, వాసన చూసేది, ఒక గుక్క తాగేది. నోరు విప్పేలోపే గ్లాసు లాక్కుని, తనూ ఓసారి ముక్కు పెట్టి, తీర్పు చెప్పేసేవాడు. ఏళ్ల తరబడి ఇదే తంతు. పెరటిచెట్టు మందుకు పనికిరాదు కదా, నా మాట ఆయనకెందుకు అనుకుని పెద్దమ్మాయి మింగి ఊరుకునేది.

జన్మలో ఒక్కసారి ఆయన ఆమె పనిని మెచ్చుకున్నాడు. ఆ ఏడు ఆయన విషజ్వరంతో మంచం పట్టాడు. కాబర్నే ద్రాక్ష కోతకొచ్చి కూర్చుంది. పెద్దమ్మాయి అప్పుడే చదువు ముగించిన పిల్ల. ఇంకో దిక్కు లేక తనే కోయించి, తొక్కించి, పీపాలకెక్కించింది. కాబర్నే అంటేనే మొండిజాతి. తొక్క మందం, కొత్తలో ఆ వైను పచ్చికాయ కొరికినట్టు నాలుకంతా వగరు. చీకట్లో, చల్లదనంలో ఏళ్లకేళ్లు పడుకోబెడితే తప్ప ఆ వగరు దిగదు. దిగిందా, ఇక దాని ముందు ఏదీ ఆగదు. జ్వరం తగ్గి లేచిన నాన్న ఆ పచ్చి వైను వాసన చూసి, "ఇది గొప్పదవుతుంది, దాచండి" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకునే ఆమె ఇన్నేళ్లూ బతికింది. వేరే తోటల వాళ్లు రమ్మని పిలిచినా వెళ్లలేదు.

తాళంచెవి చేతులు మారిన ఆ రోజు బిరడాలు మార్చాల్సింది ఆ కాబర్నే సీసాలకే. బిరడా కూడా ముసలిదవుతుంది. సీసా విప్పి, తగ్గిన మేరకు అదే ఏటి వైను పోసి, కొత్త బిరడా బిగించాలి. పోయడానికి అందులోంచే ఒక సీసాని బలివ్వాలి. ఆ సీసా చెడ్డదైతే దాని చుక్క పడ్డవన్నీ చెడతాయి. అందుకే ముందు దాని వాసన చూసి గానీ మిగతావాటి జోలికి పోరు.

"నేను చేసిన వైను కూడా వాడి పేరుతోనే వెళ్తుందా నాన్నా?" అని అడిగింది పెద్దమ్మాయి.

"ఇల్లొకటే, పేరొకటే. వాడికి పిల్లలున్నారు. నీ తర్వాత ఎవరున్నారు?"

గిన్నె తోముతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. తమ్ముడు తల దించుకున్నాడు.

"అయితే ఇవాళ్టి పని వాడితోనే చేయించుకో. నేను దిగను."

"చేయించుకుంటా. నీ కోడి కూయకపోతే తెల్లారదా?"

అన్నాడే గానీ, మెట్ల తలుపు దగ్గర ఆగి ఒకసారి వెనక్కి చూశాడు. ఏదో అడగాలన్నట్టు చూశాడు. పెద్దమ్మాయి పంతం కొద్దీ మొహం తిప్పుకుంది.

మధ్యాహ్నం దాకా కింద సీసాల చప్పుడు వినిపిస్తూనే ఉంది. వినపడ్డప్పుడల్లా ఆమె చేస్తున్న పని ఆపి మెట్ల తలుపు వైపు చూసేది. భోజనాల వేళకి తమ్ముడు ఆ బలిచ్చిన సీసాలో మిగిలింది పైకి తెచ్చి అందరికీ తలా కాస్త పోశాడు. ఆ ఇంట్లో అది అలవాటు. ముందుగా గ్లాసెత్తింది అమ్మ. వైను సంగతుల్లో ఏనాడూ నోరెత్తని మనిషి, అలాంటిది గ్లాసు దించేసి మొహం చిట్లించింది.

"తడిగుడ్డ మూలన పడేసి మరిచిపోయినట్టు వాసనొస్తోందేమిటండీ?"

పాతది కదా, అలాగే ఉంటుందేమో అన్నాడు తమ్ముడు. నాన్న చూసి బాగుందన్నాకే పోశానన్నాడు. పెద్దమ్మాయి లేచి గ్లాసందుకుంది. ముక్కు దగ్గరికి రాకముందే తెలిసిపోయింది. ఎప్పుడో ఏ ఒక్క సీసాకో పట్టే బిరడా తెగులు. ఆమె మొహం ముడుచుకుపోయింది. తలెత్తి చూస్తే నాన్న గ్లాసు వంక చూడటం లేదు. రెప్ప వెయ్యకుండా ఆమె మొహంలోకే చూస్తున్నాడు. ఆమె ఒక్క మాటైనా అనకముందే ఆయన మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు.

ఎన్నింటిలో పోశారని అడిగింది. సగం అన్నాడు తమ్ముడు, నసుగుతూ.

పెద్దమ్మాయి నాన్ననే చూస్తూ, "నీకు వాసన తెలియదు కదూ?" అంది. ఆయన తలూపాడు.

"ఎప్పట్నుంచి?"

"ఆ జ్వరం నుంచే."

ఆ తర్వాత ఆయన ఒక్కొక్కటే చెప్పాడు. మంచం దిగాక సబ్బు లేదు, పొగ లేదు, వైను లేదు, ఏదీ ముక్కుకి తగల్లేదు. రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అనుకున్నాడు. రాలేదు. అప్పట్నుంచి గ్లాసు కూతురి చేతికిచ్చి ఆమె మొహం చూసేవాడు. కనుబొమ్మలు దగ్గరైతే చెడ్డది, పెదవి చివర కదిలితే మంచిది, కళ్లు మూసుకుందంటే దాచాల్సింది. ఏనాడూ తప్పు పోలేదు. ఇవాళ చూడ్డానికి ఆ మొహం లేదు.

అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "మాడిన పాలిచ్చినా మాట్లాడకుండా తాగుతుంటే నా మీద ప్రేమనుకున్నాను" అంది మెల్లిగా.

"గొప్పదవుతుందన్నావే, ఆ మాట?" అని అడిగింది పెద్దమ్మాయి.

"అదీ నీ మొహం చూసి చెప్పిందే తల్లీ."

ఇన్నేళ్లు దాచుకున్న ఒకే ఒక్క మెచ్చుకోలు కూడా తనది తనకే తిరిగొచ్చింది. ఆమెకు ఏడుపొచ్చింది. ఒక్కసారి చెప్పి ఉంటే ఏం పోయేదని అడిగింది. చెబితే తనకేం మిగులుతుందన్నాడు ఆయన.

"మరి తాళంచెవి వాడికెందుకిచ్చావు?"

"నీకిస్తే ఏ వైను మంచిదో నువ్వే నోటితో చెప్పేస్తావు. ఇక నాతో పనేముంటుంది? వాడికిస్తే వాడికి నేను కావాలి, నాకు నువ్వు కావాలి. అలా రోజులు గడిచిపోతాయనుకున్నా."

ఇంత నీచమైన మాట అంత నిజంగా ఎవరూ చెప్పగా ఆమె వినలేదు. తమ్ముడు జేబులోంచి తాళంచెవి తీసి అక్క ముందు పెట్టాడు. తనకొద్దన్నాడు, ఆ మాట గట్టిగానే అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, ఇప్పుడది తీసుకుంటే సగం సీసాలు తిరిగొస్తాయా? అయినా ఆమె తీసుకుంది. కింద ఇంకా సగం మిగిలున్నాయి.

ఆమె మెట్లు దిగుతుంటే వెనకే నాన్న గోడ పట్టుకుంటూ దిగాడు. ఆమె ఇంకో సీసా ఎంచి, నల్లబడ్డ బిరడా విరక్కుండా లాగి, గ్లాసులో కొంచెం పోసింది. నాన్న అలవాటుగా దీపం వెలుగు ఆమె మీద పడే చోటికి జరిగి నిలబడ్డాడు. అది చూసి ఆమె గోడ వైపు తిరిగిపోయింది.

గ్లాసెత్తింది. ఇది మంచిది. గుక్క తాగితే ఆ మొండిజాతి ద్రాక్ష ఎక్కడా పట్టకుండా, గీరకుండా, నాలుక మీద నుంచి మెత్తగా దిగిపోయింది. కన్నీళ్లు గ్లాసులో పడకుండా మొహం పక్కకి పెట్టుకుంది. ఆ మొహం కనపడక వెనక నాన్న అటూ ఇటూ మెదిలాడు.

"తల్లీ, ఇటు తిరగవూ?"

"నోటితో అడుగు నాన్నా."

వెనక అడుగుల చప్పుడు ఆగింది.

"ఎలా ఉంది?" అన్నాడు. అన్నేళ్లలో ఆయన ఆమెను ఆ మాట అడగడం అదే మొదలు.

"దీని వగరు దిగింది. నాదింకా దిగలేదు."

ఆయన ఏడుస్తున్నాడని వెనక్కి తిరగకుండానే తెలిసింది. కాసేపు ఏడవనిచ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, గ్లాసు ఆయన చేతిలో పెట్టి, పీపా మీద కూర్చోబెట్టింది.

"ముందు నల్లద్రాక్ష వాసన వస్తుంది" అని మొదలుపెట్టింది. "దాని వెనకాల దేవదారు చెక్క. తర్వాత కొత్త చెప్పులు విప్పినప్పుడు వస్తుందే, ఆ తోలు వాసన. చివర్లో వాన పడ్డ మట్టి."

ఆయన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని విన్నాడు.