విమానం రద్దు, గురువారం ఖాయం

విమానం రద్దయిందన్న ప్రకటన వినబడిన మరుక్షణమే, ఆ పరదేశపు విమానాశ్రయంలో ఒక చక్రాల పెట్టె ఒక యువతి పాదం మీదికెక్కింది.

"ఏవండీ, మీ పెట్టె నా కాలి మీదుంది."

"సారీ అండీ. కానీ మీ కాలు నా వరసలో ఉంది."

"మీ వరసా? నేనొచ్చి ఇరవై నిమిషాలైంది!"

"పదిహేడున్నర," అన్నాడతడు చేతి గడియారం చూసుకొని.

అతడు గడియారాలు బాగుచేసేవాడు. ఆమె దంతవైద్యురాలు. ఇద్దరిదీ ఒకే ఊరని అప్పటికి ఇద్దరికీ తెలియదు. ఆవగింజంత లోపాన్నైనా ఉపేక్షించని వృత్తులు కావడం చేత, కౌంటరు చేరేదాకా వారి వాగ్వాదం నిర్విఘ్నంగా సాగింది. అక్కడి ఉద్యోగిని ఇద్దరినీ తేరిపార చూసి, ఏమీ అడగకుండానే ఒకే కుటుంబంగా నమోదు చేసి, హోటల్లో ఒకే గదికి కూపను ఇచ్చింది.

"మేం ఒకరికొకరం ఏమీ కామండీ!" అన్నారిద్దరూ ఒక్క గొంతుతో.

"అంత చనువుగా పోట్లాడుకుంటుంటే భార్యాభర్తలే అనుకున్నాను," అని ఆవిడ ఇంగ్లీషులో నొచ్చుకుంది.

రెండో గది కోసం మరో గంట పోరాడవలసి వచ్చింది. ఈసారి ఇద్దరూ ఒకే పక్షం. మర్నాటి సాయంత్రం ఇంకో విమానం ఎక్కేదాకా ఆ పక్షం చెదరలేదు. ఉద్యోగిని గదైతే ఇచ్చింది కాని, నమోదును మాత్రం దిద్దలేదు.

పూర్వకవులు ప్రేమికుల నడుమ హంసను పంపారు, మేఘాన్ని పంపారు. వీరి నడుమ రాయబారం నడిపే భాగ్యం ఒక దరఖాస్తు ఫారానికి దక్కింది.

ఇల్లు చేరాక ఆమె నష్టపరిహారం కోరితే విమాన సంస్థ జవాబు రాసింది. వెంటనే ఆమె అతని గడియారాల దుకాణానికి ఫోన్ చేసింది.

"మనం కుటుంబమట. ఒకే ఫారం మీద ఇద్దరం సంతకం పెట్టాలట. గురువారం క్లినిక్‌కి రాగలరా?"

"ఎన్ని గంటలకండీ?"

"నాలుగింటికి."

నాలుగు కొట్టేసరికి అతడు గుమ్మంలో ఉన్నాడు. క్లినిక్‌లో అపాయింట్‌మెంట్లు రాసేది ఆమె బామ్మ. అతణ్ణి చూసిన తొలినాడే ఆవిడ పుస్తకంలో 'సెకండ్ల అబ్బాయి' అని రాసుకుంది.

ఫారం అతడే నింపాడు. తేదీ తప్పని తిరిగొచ్చింది. మళ్ళీ గురువారం, మళ్ళీ ఫారం. చేరిన వేళ తప్పని తిరిగొచ్చింది. మూడోసారి బయలుదేరవలసిన వేళ తప్పింది. ఆ మూడోసారి వచ్చిన ఉత్తరంలో ఇంకొక మాట కూడా ఉంది: ఇదే ఆఖరి అవకాశం, ఆరు వారాల్లోగా సరైన ఫారం అందకపోతే దరఖాస్తు మూసివేస్తాం.

ఆ గురువారం వాన కిటికీ అద్దాన్ని ఆగకుండా తడుతోంది. వెలుతురు అక్కడే బాగుంటుందని బామ్మ అతణ్ణి రోగి కుర్చీలో కూర్చోబెట్టింది. డాక్టరమ్మ దీపాన్ని అతని ముఖం మీదికి తిప్పింది.

"నోరు తెరవండి."

"నాకు పన్ను నొప్పేం లేదండీ."

"పన్ను కోసం కాదు, నిజం కోసం. గడియారం అర నిమిషం ఆలస్యమైతే ఊరుకోని మనిషి, మూడుసార్లు వేళ తప్పు రాస్తాడా?"

"రెండుసార్లే. మొదటిది తేదీ."

"మాట మార్చకండి!"

దీపం కింద తప్పించుకునే దారి లేదు. అతడు పైకప్పు వైపు చూస్తూ అన్నాడు: "ఫారం సరిగ్గా ఉంటే వాళ్ళు ఒప్పుకుంటారు. ఒప్పుకుంటే... ఇంక గురువారం ఉండదు కదండీ."

ఆమె ముఖానికి మాస్కు ఉంది గనుక చిరునవ్వు దాగింది. కన్నులకు మాస్కు లేదు.

"కానీ మీ హక్కు పోగొట్టే హక్కు నాకు లేదు," అంటూ అతడు లేచి, బల్ల దగ్గర కూర్చొని, ఫారాన్ని ఒక్క నిమిషం కూడా తేడా లేకుండా నింపి, సంతకం పెట్టి, కలం మూత బిగించాడు. "ఇక సెలవు. మిమ్మల్ని ఇబ్బంది పెట్టినందుకు..."

"ఆగు నాయనా," అంది బామ్మ. "అమ్మాయీ, ఆ మొదటి ఉత్తరం రెండో పేజీ ఏది?"

"ఏ పేజీ, బామ్మా?"

"సొరుగులో దూది డబ్బా కింద దాచావే, అది!"

డాక్టరమ్మ చెవులు కెంపెక్కాయి. బామ్మ కాగితం తీసి కళ్ళజోడు సవరించుకుంది. "'మీరు ఒక కుటుంబం కాకపోతే, ఆ ముక్క రాసి, ఎవరి దరఖాస్తు వారు విడిగా పంపుకోవచ్చు.' ఒక్క వాక్యంతో తెగిపోయేదానికి నెలన్నర నుంచి నా చేత టీలు పెట్టిస్తున్నారు!"

అతడు తిరిగి చూశాడు. "అంటే, మొదటి గురువారం నుంచే..."

"మీరు వేళలు తప్పు రాయలేదూ?" అంది ఆమె, మాస్కు పైకి లాక్కుంటూ. "నేను పేజీయే కదా దాచాను!"

"సరే, ఇప్పుడేం రాస్తారు?" అంది బామ్మ. "కుటుంబమనా, కాదనా? అబద్ధం రాస్తే పాపం."

ఇద్దరూ ఫారం వైపే చూశారు. వాన కూడా చెవి ఒగ్గినట్టు సన్నగిల్లింది.

"గడువెంతన్నారు?"

"ఆరు వారాలు, బామ్మా."

"చాలు. ఆ ఫారం దేవుడి పటం ముందు పెడతాను. ఆరు వారాల్లోపు అందులోని మాట నిజం చేసి, అప్పుడు పంపండి. అబ్బాయీ, రేపు మీ పెద్దవాళ్ళని తీసుకురా."

"ఆరు వారాలంటే వెయ్యిన్నెనిమిది గంటలండీ," అన్నాడతడు, గొంతు కాస్త వణికినా లెక్క వణకకుండా.

"వెయ్యిన్నెనిమిదా? సహస్రనామావళికి సరిపోయింది. శుభం!"

"అందులో పది నిమిషాలు ఇక్కడే నిలబడి వృథా చేశారు," అంది డాక్టరమ్మ, దీపం ఆర్పుతూ.

"తొమ్మిదిన్నర," అన్నాడతడు.