తొంభై ఒక్క శాతం దగ్గర పెద్దాయన

మా అక్క మొగుడు పనిచేసే కళ్లద్దాల షాపులో వెనక గదికి మంచి పేరు లేదు.

ముందు గదికేం, నిక్షేపంలా ఉంటుంది. గోడల నిండా ఫ్రేములు, ముఖం చూసుకునే అద్దాలు, చల్లటి ఏసీ. దాని వెనక అద్దాలు అరగదీసే గది. అక్కడా పర్లేదు, పగలంతా మిషన్ల రొద. ఆ రెండూ దాటాక సన్నటి నడవా చివర ఇంకో గది ఉంది చూడండీ... పొద్దు గూకితే అక్కడికి ఎవ్వరూ వెళ్లరు. తప్పక వెళ్లాల్సి వస్తే ఇద్దరు కలిసి వెళ్తారు. ఆ ఇద్దరిలో ఒకరు గుమ్మం దగ్గరే ఆగిపోతారు.

ఆ గదిలో ఒక బల్ల, బల్ల మీద పాత కంప్యూటరు, ఒక కుర్చీ. ఆ కుర్చీలో ముప్ఫై ఒక్క ఏళ్లు కూర్చున్నాయన్ని అందరూ పెద్దాయన అనేవాళ్లు. ఎవరి కంటికి ఏ నంబరు అద్దం కావాలో ఎక్కించి, అరగదీసేవాళ్లకి పంపడం ఆయన పని. మొదట్లో పుస్తకంలో, తర్వాత కంప్యూటర్లో. అన్నేళ్లలో ఒక్కరోజు సెలవు పెట్టలేదు. జ్వరమొస్తే మఫ్లరు చుట్టుకుని వచ్చేవాడట. చివరికి పోవడం కూడా ఆదివారం పోయాడు... పనిరోజు పాడు చెయ్యడం ఇష్టంలేక!

పైగా ఆయన రూళ్ల మనిషి. నోటిమాటతో సెలవు చెల్లదు — కాగితం మీద అచ్చు తీసి ఓనరమ్మ బల్ల మీద పెట్టాలి, ఆవిడ 'మంజూరు' అని రాసి సంతకం చెయ్యాలి. అది ఆయన పెట్టిన రూలే. నంబర్లు ఎక్కించాక, అవి రాసున్న చీటీ చింపెయ్యాలన్నదీ ఆయన రూలే. రెండు చోట్ల ఉంటే రెండు రకాల తప్పులొస్తాయనేవాడట.

ఆయన పోయి మూడేళ్లు. అప్పటినుంచీ ఆ గదిలో... పొద్దున కంప్యూటరు పెట్టగానే ఎక్కడినుంచో —

కిర్ర్ర్ర్...

ఒక మూలుగు. ముసలి మనిషి కుర్చీ ముందుకు జరుపుకున్నట్టు. రెండు నిమిషాలు మూలిగి, ఆగిపోతుంది.

పని నంబర్లతోనే కాబట్టి ఆ కంప్యూటరు వాడక తప్పదు. కౌంటరక్క పగటిపూట, తలుపులు బార్లా తెరిచి, గబగబా ఎక్కించి బయటపడేది. మిగతావి ఎవరూ ముట్టుకోలేదు. బల్ల పక్కన స్టాండు మీద ఆయన మఫ్లరు, టిఫిను డబ్బా, ఇంకా ఏవేవో కుప్పగా ఉంటే, దాని మీద పెద్ద దుప్పటి కప్పేశారు. 'నన్ను అప్‌డేట్ చెయ్యండి' అని కంప్యూటరు మూడేళ్లుగా మొత్తుకుంటుంటే, కౌంటరక్క మూడేళ్లుగా 'తర్వాత' నొక్కుతూనే ఉంది.

"పెద్దాయన మిషను... ఆయన్ని అడక్కుండా ఎట్లా మారుస్తాం?" అనేది.

అలాంటి చోట మా బావ కంప్యూటర్ల మనిషిగా చేరాడు. చేరి ఆరు వారాలు. నెలాఖరుకి పని నచ్చితేనే ఉద్యోగం ఖాయం. మా బావకి పని వచ్చు, కాదనను. కానీ నలుగురు చూస్తుంటే గొప్పలకు పోయే జబ్బుంది. అది అద్దాలు పెడితే తగ్గేది కాదు.

ఆ వారం షాపుకి పెద్ద పని వచ్చింది. ఒక బడిలో పిల్లలందరికీ కళ్ల పరీక్షలు జరిగాయి. నూట నలభై మందికి అద్దాలు కావాలి. అందులో ఒక పాప ఎప్పుడూ పుస్తకం ముక్కుకి ఆనించి చదువుతుందని, ఎదురొచ్చినా పలకరించదని అందరూ పొగరనుకునే ఆ పిల్లకి పాపం బోర్డే కనపడదని బావ మా అక్కతో చెప్పి బాధపడ్డాడు. కౌంటరక్క నాలుగు రోజులు కూర్చుని నూట నలభై మంది నంబర్లూ ఎక్కించింది. రూలు ప్రకారం చీటీలు చింపేసింది. మర్నాడు ఎనిమిదింటికి అరగదియ్యడం మొదలుపెట్టాలి. ఎల్లుండి పిల్లలకి ఇస్తామని ఓనరమ్మ మాటిచ్చింది.

ఆ సాయంత్రం ఐదింటికి, అందరూ గుమ్మంలో గుమిగూడి చూస్తుండగా, మా బావ పెద్దాయన కుర్చీలో కూర్చున్నాడు.

"దెయ్యం లేదు, గియ్యం లేదు," అన్నాడు. "దీనికి కావాల్సింది అప్‌డేట్."

నొక్కేశాడు.

నూట నలభై మంది నంబర్లూ ముందు ఇంకోచోట కాపీ చేసుకోవాలి. ఆ సంగతి నొక్కిన పావుగంటకి గుర్తొచ్చింది. ఎవరికీ చెప్పలేదు. లోపల్లోపల నాలుక కరుచుకున్నాడు.

రాత్రి ఎనిమిదికి ఐదు నిమిషాలు తక్కువగా నా ఫోను మోగింది.

"మరదలు పిల్లా..." గుసగుస.

"ఎందుకు బావా అంత మెల్లగా? అక్క పక్కనుందా?"

"అక్క ఇంట్లో ఉంది. నేను వెనక గదిలో ఉన్నాను... తొంభై ఒకటి దగ్గర ఆగిపోయింది."

"ఎంతసేపయింది?"

"ఒకటిన్నర గంట. అందరూ వెళ్లిపోయారు. ఓనరమ్మ ముందు గదిలో ఉంది. ఏమైంది బాబూ అని రెండుసార్లు అడిగింది. అయిపోవచ్చిందండీ అన్నాను."

నా ఉద్యోగమే అది మరి. చెవికి ఫోను తగిలించుకుని, రోజుకి అరవై మందిని "ఒకసారి ఆపి మళ్లీ పెట్టారా అండీ?" అని అడగడం. మా బావ ఆ ఉద్యోగాన్ని ఆరేళ్లుగా వెక్కిరిస్తున్నాడు. ఆ రాత్రి వెక్కిరించలేదు.

"ఆపి మళ్లీ పెట్టనా?" అన్నాడు.

"చచ్చినా ఆపకు!"

"ఆ మాట అనకు... ఇక్కడ."

"ఏ మాట?"

"చచ్చినా..."

నవ్వాపుకున్నాను. మధ్యలో ఆపితే కంప్యూటరు మళ్లీ లేవకపోవచ్చు. లేవకపోతే నూట నలభై మంది నంబర్లూ పోయినట్టే. అది బావకీ తెలుసు, అందుకే గొంతు వణుకుతోంది. దెయ్యం సంగతి పైపై వణుకు.

"పెట్టె మీద చిన్న లైటు వెలుగుతోందా?"

"వెలిగి ఆరుతోంది... ఊపిరి తీస్తున్నట్టు."

"అంటే లోపల పని జరుగుతోంది. మంచిదే. ఇప్పుడు దానికి తగిలించినవన్నీ ఒక్కొక్కటే పీకెయ్. ఇంటర్నెట్ వైరు, పెన్‌డ్రైవు, స్పీకర్లు... కీబోర్డూ మౌసూ మాత్రం ఉంచు. ఒక్కోసారి పక్కనున్న ఏదో ఒకటి బదులివ్వక, దానికోసం చూస్తూ అప్‌డేట్ ఆగిపోతుంది."

పీకుతున్న చప్పుళ్లు వినబడ్డాయి. ఒకటి... రెండు... మూడు...

"అన్నీ పీకేశాను. వెనకనుంచి ఇంకో లావాటి వైరు బల్ల కిందికి పోతోంది. అది కరెంటుదేమో, ముట్టుకోలేదు. ఇంకా తొంభై ఒకటే —"

చటుక్కున మాట ఆగింది.

"బావా?"

"...లైటు పోయింది."

నడవాకీ ఆ గదికీ కలిపి ఒకటే టైమరు. ఎనిమిది కొట్టగానే లైట్లు ఆరిపోతాయి. కరెంటు వృథా కాకూడదని అదీ పెద్దాయన పెట్టించిందే. కంప్యూటర్లు వేరే లైను మీద ఉన్నాయి కాబట్టి సరిపోయింది. ఈ సంగతంతా మర్నాడు తెలిసింది. అప్పటికి మా బావకి తెలిసింది ఒకటే — చీకటి.

చీకట్లో నీలంగా వెలిగే స్క్రీను. ఎదురుగా గోడ బీరువాలో, జనం తిరిగిచ్చిన పాత కళ్లజోళ్లు రెండొందలు. ఒక్కో అద్దంలో ఒక్కో నీలం చుక్క. రెండొందల జతల కళ్లు మా బావకేసి చూస్తున్నాయట... రెప్ప వెయ్యకుండా.

"సెల్‌ఫోన్ లైటు వేసుకో!"

"నీతో మాట్లాడుతున్నది దాంతోనేగా! చెవి దగ్గర్నుంచి తీస్తే నువ్వు వినపడవు..."

ఇంత తెలివైనవాడికి మా అక్కనిచ్చి చేశాం.

అప్పుడు వినబడింది. ఫోన్లో నాకు కూడా.

కిర్ర్ర్ర్...

"విన్నావా?" ఊపిరే తప్ప గొంతు లేదు. "పొద్దున తప్ప రాదన్నారు... మరదలా... దుప్పటి కింద..."

"ఏముంది?"

"కన్ను. ఎర్రగా. మూసి తెరుస్తోంది..."

"ఒక్క కన్నేనా?"

"ఒకటి చాలదూ?"

నిజం చెప్పొద్దూ, నా వెన్ను కూడా జిల్లుమంది. వెలుగుతున్న గదిలో, పక్కన అమ్మ టీవీ చూస్తుండగా కూడా. కానీ రోజుకి అరవై మందితో వేగే బుర్ర కదా, దాని పని అది చేసుకుపోతుంది. ఎర్ర లైటు... మూలుగు... బల్ల కిందికి పోయిన లావాటి వైరు...

"బావా, ఆ దుప్పటి తియ్యి."

"నేను తియ్యను."

"తియ్యి బావా!"

"ఉద్యోగం పోతే పోనీ, తియ్యను!"

అంతలో నడవాలో అడుగుల చప్పుడు. మెల్లగా... ఒక్కో అడుగే... దగ్గరగా. మా బావ కుయ్యిమన్నాడు.

"చీకట్లో ఏం చేస్తున్నారు బాబూ?" ఓనరమ్మ గొంతు. టార్చి తెచ్చుకుంది.

మా బావ చెప్పేశాడు. మొత్తం. కాపీ చేసుకోలేదని, చీటీలు లేవని, నూట నలభై మంది సంగతి తన చేతుల్లోనే పాడయ్యేలా ఉందని. మా బావ తప్పు ఒప్పుకోవడం నేను వినడం అదే మొదటిసారి.

ఆవిడ రెండడుగులు వేసి, దుప్పటి పట్టుకుని లాగింది.

టిఫిను డబ్బా ఖంగుమని కింద పడింది. మఫ్లరు జారింది. వాటి అడుగున... పాత ప్రింటరు. ముందు గదికి కొత్తది వచ్చాక అందరూ మర్చిపోయింది. ఎర్ర లైటు దాని నొసట మినుకు మినుకుమంటోంది.

"కాగితం అయిపోతే వెలిగే లైటు అది," అన్నాన్నేను ఫోన్లో, అవతల ఆవిడకీ వినబడేంత గట్టిగా, నా తెలివికి నేనే మురిసిపోతూ. "లోపల ఏదో అచ్చు కాకుండా ఆగిపోయి ఉంటుంది. కంప్యూటరు దానికోసమే చూస్తోంది. వైరు పీకెయ్ బావా."

"ఆగండి," అంది ఓనరమ్మ. "కాగితం అడుగుతోంది. పెట్టండి, పోయేదేముంది!"

ముందు గదిలోంచి తెచ్చి పెట్టాడు. కిర్ర్ర్ అంది. గడగడ వణికింది. మూడేళ్ల దుమ్ముతో దగ్గి దగ్గి, ఒక్క కాగితం బయటికి తోసింది.

ఓనరమ్మ టార్చి వెలుగులో చదవడం ఫోన్లో విన్నాను.

"అమ్మగారికి నమస్కారాలు. సోమవారం నుంచి రెండు రోజులు నాకు సెలవు ఇప్పించగలరు. ఆర్నెల్లుగా కుడికన్ను మసకగా ఉంటోంది. ఎనిమిదేదో మూడేదో తెలియక, కౌంటరు అమ్మాయి చేత రెండోసారి చదివించుకుంటున్నాను. పిల్లల అద్దాలు తప్పు పోతాయేమోనని భయంగా ఉంది. మన దగ్గరే చూపించుకుంటే నలుగురికీ తెలుస్తుంది, కాబట్టి బయట చూపించుకుంటాను. తప్పుగా అనుకోవద్దు. నా బల్ల ఎవరూ కదపకుండా చూడగలరు. మూడో రోజు ఉదయం తొమ్మిదింటికల్లా పనిలో ఉంటాను."

కింద తేదీ. ఆయన పోయిన ఆదివారానికి ముందు శనివారం.

"ఆ సాయంత్రం వెళ్తూ వెళ్తూ, ప్రింటర్లో కాగితం అయిపోయిందమ్మా అన్నారు," అంది ఓనరమ్మ. "సోమవారం తెప్పిస్తాను లెండి అన్నాను. అంతకుమించి ఏమీ అడగలేదాయన. ముప్ఫై ఒక్క ఏళ్లు ఊళ్లో వాళ్ల కళ్లన్నీ చూశాం... ఆయన కన్ను నేను చూడలేదు."

ఆవిడ ఏడుస్తోందని నాకు తెలిసింది. నాక్కూడా కళ్లు చెమర్చాయి.

తర్వాత పెన్ను మూత తీసిన చప్పుడు. కాగితం మీద రాత చప్పుడు. "మంజూరు," అని పైకి చదువుతూ రాసి, సంతకం పెట్టింది.

"తొంభై రెండు!" అని అరిచాడు మా బావ.

తొంభై ఐదు. తొంభై తొమ్మిది. వంద! స్క్రీను నల్లబడి, మా బావ పై ప్రాణాలు పైనే పోయి, మళ్లీ తెల్లబడింది. నూట నలభై పేర్లూ వరసగా కూర్చుని ఉన్నాయి. ముక్కుకి పుస్తకం ఆనించే పాప పేరు పదకొండోది.

వింతేం లేదు. ప్రింటరు పని తేలితే అప్‌డేట్ కదిలింది, అంతే. అలా అని మా బావకి ఆ రాత్రే గట్టిగా చెప్పాను. మళ్లీ ఆ గోల వద్దని, బావ ప్రింటరుకున్న రెండు వైర్లూ, కరెంటుదీ కంప్యూటరుకి పోయేదీ, పీకి, చుట్ట చుట్టి, ముందు గదిలో తన సొరుగులో పడేశాడు. దుప్పటి మళ్లీ కప్పేశాడు.

అద్దాలు అనుకున్న రోజుకే వెళ్లాయి. ఒక్కటీ తప్పు పోలేదు. మా బావ ఉద్యోగం ఖాయమైంది.

ఆ రాత్రి తర్వాత మూడో రోజు పొద్దున నేను షాపుకి వెళ్లాను. చేసిన సాయానికి ఒక ఫ్రేము ఇప్పిస్తానన్నాడు బావ. ఎర్రది పెట్టుకుని అద్దంలో చూసుకుంటున్నాను. కౌంటరక్క ఎలా ఉందో చెబుతోంది. ఓనరమ్మ హాజరు పుస్తకం ముందేసుకుని కూర్చుంది. గోడ గడియారం తొమ్మిది కొట్టింది.

నడవా చివరినుంచి —

కిర్ర్ర్ర్...

మా బావ నావంక చూశాడు. నేను సొరుగు వంక చూశాను. లాగాడు. రెండు వైర్లూ చుట్ట చుట్టినట్టే ఉన్నాయి.

"ఆపి మళ్లీ పెట్టమను... ఏదో ఒకటి చెప్పు..." అన్నాడు నా చెవిలో.

ఓనరమ్మ తలెత్తలేదు. పుస్తకంలో మూడేళ్ల కిందటి పేజీ వెతికి తీసి, ఒక పేరు ముందు టిక్కు పెట్టింది.

"కంగారెందుకు బాబూ," అంది. "రెండు రోజులేగా సెలవు పెట్టారు."