నాలుగు స్టాపుల నిద్ర

...అయినా అబద్ధం చెప్పేవాళ్ళే ఎదుటివాళ్ళ కళ్ళలోకి మరీ సూటిగా చూస్తారని ఎక్కడో చదివాడు. ఆస్పత్రిలో ఈ టెక్నీషియన్ అలాగే చూస్తోంది. పోయిన నెల పిల్లకి ఈఈజీ, అదే మెదడు పరీక్ష, చేసిందీ ఈమే. నార్మల్ అని రిపోర్టు వచ్చిందీ ఈమె చేతిమీదుగానే. నిద్రలో పిల్లకి మూతి ఒక పక్కకి లాగేసి, చొంగ కారి, మాట పడిపోతుంటే నార్మల్ ఏమిటి? తలకి వైర్లు సరిగ్గా అంటించి ఉండదు. అది తెలిసే ఇప్పుడింత మర్యాద.

"రాత్రంతా పాపని మేలుకోబెట్టారా, మావయ్యగారూ?"

మావయ్యగారట. అందులో వెటకారం ఎంతో, చనువు ఎంతో తేల్చుకోలేక, "కన్ను మూయనివ్వలేదు," అన్నాడు.

అక్క పది రోజుల బాలింత. ఏడేళ్ళ మేనకోడల్ని తీసుకురావడం అతని వంతయింది. ఈసారి వైర్లు పెట్టాక పిల్ల నిద్రపోవాలి. పోకపోతే మళ్ళీ తేదీ దొరకడానికి నెలన్నర ఆగాలి. అక్కకి రెండోసారి నెల తప్పినప్పటినుంచీ దీనికి కుళ్ళు, ఇదంతా నాటకం అని బావ ఇప్పటికే తేల్చేశాడు.

ఆమె పిల్ల గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది.

"మరి బుగ్గ మీద ఈ గుండీ అచ్చు? నాలుగు చిల్లులతో సహా పడింది."

అతను తన చొక్కా వైపు చూసుకున్నాడు.

"బస్సులో నిద్రపోయాం," అంది పిడుగు. "ముందు మావయ్యే పడుకున్నాడు. నేను తర్వాతే!"

"ఎంతసేపే?" అంది ఆమె.

"నాలుగు స్టాపులు."

ఆమె కాగితం మీద రాసుకుంది.

"అది రాయకండి," అన్నాడు.

"రాయకపోతే, నిద్ర రానందుకు డాక్టర్‌గారు ఎవర్ని అనుకోవాలి? పిల్లనా?"

అతను చొక్కా గుండీ మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"మీ పదకొండు గంటల టైము ఇంకొకళ్ళకి ఇస్తాను. మీరు రెండింటికి రండి. అది నా భోజనం టైములెండి. అప్పటిదాకా ఇద్దరూ నిద్రపోకూడదు. ఇద్దరూ అంటే మీరు కూడా."

భోజనం ఎందుకు మానుకుంటుంది? పోయినసారి తప్పు కప్పిపుచ్చుకోవడానికా? వరండాలో పిల్లని అటూ ఇటూ నడిపిస్తూ అదే ఆలోచించాడు. ఆమె తలుపు తీసి చూసిన ప్రతిసారీ, నిఘా వేసింది అనుకున్నాడు. అనుకుంటూనే కాలరు సర్దుకున్నాడు. ఎందుకో తనకే అర్థం కాలేదు.

రెండింటికి, తలనిండా వైర్లతో, పిల్ల నిజంగానే నిద్రపోయింది.

కాసేపటికి, తెరమీద సాఫీగా సాగుతున్న గీతలు ముళ్ళలా లేచాయి. ఆగాయి. మళ్ళీ లేచాయి. ఆమె ఒక్కోచోటా గుర్తు పెడుతోంది.

"ఏమిటవి?"

"డాక్టర్‌గారు చెప్తారు."

"మీకు తెలుసు."

"తెలుసు. చెప్పాల్సింది ఆయన."

దాస్తోంది, అనుకున్నాడు. కానీ ఆమె రెండో చెయ్యి పిల్ల దుప్పటి సర్దుతోంది.

సాయంత్రం డాక్టర్ రెండు ముక్కల్లో చెప్పాడు. ఇది మూర్ఛలో ఒక రకం. మెలకువలో చేసిన పరీక్షకి దొరక్కపోవచ్చు, నిద్రలో బయటపడింది. నాటకమూ కాదు, పీడకలలూ కావు. ఇలాంటిది చాలామంది పిల్లలకి పెద్దయ్యేసరికి తగ్గిపోతుంది. అందాకా రోజూ పడుకునేముందు ఒక మందు.

వైర్లు సరిగ్గానే అంటించిందన్నమాట.

బావకి ఫోన్ చేసి ఒక్కటే అన్నాడు: "అది నటించట్లేదు బావా." "దాన్ని త్వరగా తీసుకొచ్చెయ్‌రా," అన్నాడు బావ.

మందుల కౌంటరు ముందు, పిల్ల అతని ఒళ్ళో తలపెట్టుకుని పడుకుంది. టెక్నీషియన్ టిఫిన్ డబ్బా పట్టుకుని అటే వచ్చింది.

"ఇప్పుడు ఎన్ని స్టాపులైనా నిద్రపోవచ్చు," అంది పిల్లని చూసి.

"మీ మీద అనుమానపడ్డాను."

"తెలుసండీ. పోయినసారి నా ఐడీ కార్డుని ఫోన్‌లో ఫొటో తీసుకున్నారుగా. కంప్లైంట్ ఎప్పుడొస్తుందా అని నెలరోజులు చూశా."

"రాయలేదు."

"మరి ఫొటో?"

రోజూ తీసి చూసేవాడు. కోపంతోనే చూస్తున్నానని తనకి తాను చెప్పుకున్నాడు.

"ఉంది," అన్నాడు.

ఆమె నవ్వలేదు. ఆ నవ్వకపోవడానికి ఏదో అర్థం ఉండాలి. జాలా? అలవాటా? రోజూ ఎంతమంది మావయ్యలు వస్తారో?

"ఆ కుర్చీలో ఎవరైనా ఉన్నారా?" అంది.

కుర్చీలో అతని సంచి ఉంది. పిల్ల తల కదలకుండా, ఒక్క చేత్తో దాన్ని ఎత్తి కింద పెట్టాడు.